ఊసరవెల్లి కేజ్‌లో ఏ మొక్కలు పెట్టాలి: జాబితాలు చెప్పని సంగతులు

మీ ప్రశ్న మొత్తం చదివాను. మీ దగ్గరున్నది అయిదు నెలల ఆడ వెయిల్డ్ ఊసరవెల్లి. దాన్ని చిన్న కేజ్ నుంచి 60×60×120 సెంటీమీటర్ల జాలీ కేజ్‌లోకి మారుస్తున్నారు. మనీ ప్లాంట్, ఫైకస్, మందారం, క్రోటన్ నర్సరీ నుంచి తెచ్చి పెట్టుకున్నారు. మనీ ప్లాంట్ ఒక జాబితాలో సురక్షితం అనీ ఇంకో జాబితాలో విషం అనీ ఉండేసరికి టెన్షన్ పట్టుకుంది. ఈ గొడవంతా లేకుండా ప్లాస్టిక్ మొక్కలు పెట్టేస్తే పోలేదా అని కూడా అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. మనీ ప్లాంట్, మందారం, ఫైకస్ ఉంచుకోండి. క్రోటన్ వద్దు. ప్లాస్టిక్ అసలే వద్దు. అయితే ఉంచుకోమన్న ఆ మూడింటిలో ఏ ఒక్కటీ ఈ వారం కేజ్‌లోకి వెళ్లకూడదు. ఎందుకో కింద వివరంగా రాస్తున్నాను, అసలు విషయం అక్కడే ఉంది. వెయిల్డ్, పాంథర్ రెండు రకాలనూ చాలా ఏళ్లుగా పెంచుతున్నాను. కొత్తవాళ్లు నన్ను అడిగేది దాదాపు ఎప్పుడూ "ఈ మొక్క విషమా?" అనే. "ఈ మొక్క మీద ఏం కొట్టారు? ఏ మట్టిలో పెరిగింది?" అని అడిగేవాళ్లు తక్కువ. ఊసరవెల్లికి ఎక్కువ ప్రమాదం ఈ రెండో ప్రశ్న దగ్గరే ఉందని నా అభిప్రాయం.

జాబితాలు ఒకదానితో ఒకటి ఎందుకు పొసగవో ముందు చూద్దాం. ఇంటర్నెట్‌లో తిరిగే విషపు మొక్కల జాబితాల్లో ఎక్కువ భాగం కుక్కలు, పిల్లులు, చిన్నపిల్లల కోసం తయారైనవి. సరీసృపాల మీద ఇలాంటి పరీక్షలు జరిగింది చాలా తక్కువ. కాబట్టి కుక్కకు వాంతి చేయించే మొక్కను ఒకరు ఊసరవెల్లికీ విషమని రాస్తారు. తన ఊసరవెల్లి రోజూ అదే ఆకు నములుతున్నా ఏమీ కాలేదని ఇంకొకరు సురక్షితం అని రాస్తారు. ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు.

మనీ ప్లాంట్ సంగతే తీసుకోండి. దాని ఆకుల్లో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే సన్నని సూదుల్లా కనిపిస్తాయి. నమిలితే నోట్లో, గొంతులో గుచ్చుకుని మంట పుట్టిస్తాయి. పిల్లి నమిలితే చొంగ కారుస్తుంది, అందుకే ఆ జాబితాల్లో విషం అని పడింది. వెయిల్డ్ ఊసరవెల్లులు మాత్రం ఎన్నో ఏళ్లుగా ఎన్నో ఇళ్లలో మనీ ప్లాంట్ ఆకులు కొరుకుతూ ఆరోగ్యంగానే ఉన్నాయి. నేను పెంచినవీ కొరికాయి, ఇబ్బంది పడలేదు. అయితే ఆ కుటుంబంలోదే డైఫెన్‌బేకియా. అందులోనూ ఇవే స్ఫటికాలు, కానీ మంట, వాపు చాలా తీవ్రంగా వస్తాయి. దాన్ని నేను ఏ కేజ్‌లోనూ పెట్టను. "ఒకే కుటుంబం కదా, అదీ పర్వాలేదు" అనే లెక్క ఇక్కడ చెల్లదు. "ఆక్సలేట్ ఉంది కాబట్టి అన్నీ తీసేయాలి" అనేదీ అంతే.

ఇక మీ దగ్గరున్నది వెయిల్డ్ అనే విషయం చాలా ముఖ్యం. యెమెన్, సౌదీ అరేబియా ప్రాంతాల నుంచి వచ్చిన ఈ రకం పురుగులతోపాటు ఆకులు, పూలు కూడా తింటుంది. మడగాస్కర్ నుంచి వచ్చిన పాంథర్ అప్పుడప్పుడు ఒక కొరుకు కొరుకుతుందేమో గానీ ఇంతలా తినదు. పాంథర్ పెంచేవాళ్లు ఏదైనా మొక్క "మా దగ్గర బాగానే ఉంది" అంటే దాన్ని మీ కేజ్‌కి వర్తింపజేయకండి. వాళ్ల ఊసరవెల్లి ఆ మొక్క మీద కూర్చుంటుంది, మీది దాన్ని తింటుంది. వెయిల్డ్ ఉన్న కేజ్‌లో ప్రతి ఆకూ ఏదో ఒకరోజు దాని నోట్లోకి వెళ్తుందని అనుకునే మొక్కలు ఎంచుకోవాలి.

ప్లాస్టిక్ ఆకులు వద్దనడానికి కారణం కూడా ఇదే. వెయిల్డ్ వాటినీ కొరుకుతుంది. ప్లాస్టిక్, గుడ్డ ముక్కలు అరగవు, పేగులో అడ్డుపడితే ఆపరేషన్ దాకా వెళ్తుంది. పైగా ప్లాస్టిక్ ఆకు గాలిలో తేమను నిలబెట్టదు. నీళ్లు చల్లాక సందుల్లో జిగట పేరుకుని బ్యాక్టీరియాకు స్థావరం అవుతుంది. కేజ్ బయటి వైపు, దానికి అందని చోట, మనిషి కనిపించకుండా అడ్డుగా కట్టుకుంటే ఇబ్బంది లేదు.

ఇప్పుడు అసలు విషయం, నర్సరీ మందులు.

నర్సరీలో మొక్క నిగనిగలాడుతూ, ఒక్క పురుగు కూడా లేకుండా ఉందంటే దాని మీద ఏదో ఒక మందు పడిందని అనుకోవడమే మంచిది. వీటిలో రెండు రకాలు. ఒకటి ఆకు పైన కొట్టేది. ఇది కడిగితే చాలావరకు పోతుంది. రెండోది వేళ్ల ద్వారా మొక్క లోపలికి వెళ్లి ఆకులు, పూలు, రసం అన్నింట్లోకీ పాకేది. సిస్టమిక్ మందులు అంటారు. ఇమిడాక్లోప్రిడ్ ఈ రకానికి చెందినదే, ఇంట్లో పెంచే మొక్కలకు విరివిగా వాడతారు. ఇది ఆకు లోపలే ఉంటుంది కాబట్టి ఎంత కడిగినా పోదు. మొక్కను బట్టి, మట్టిని బట్టి నెలల తరబడి ఉండిపోవచ్చు. చెట్టులా కాండం గట్టిపడే మొక్కల్లో ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది. ఆకు తినే జంతువుకు ఇది ఎంత సమస్యో వేరే చెప్పక్కర్లేదు.

కాబట్టి నేను పాటించే పద్ధతి ఇది. కొత్త మొక్క తేగానే ముందు ఆకులు కడుగుతాను. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు రెండు మూడు చుక్కలు వేసి, ఆకు పైన, అడుగున, కాడ మొదట్లో చేత్తో రుద్ది, తర్వాత ధారగా నీళ్లు పోసి సబ్బు పూర్తిగా పోయేదాకా కడగడం. ఆకులు మెరవడానికి కొట్టే లీఫ్ షైన్ స్ప్రే ఉంటే జారుడుగా తెలుస్తుంది, అప్పుడు రెండుసార్లు కడగాలి. తర్వాత కుండీలోంచి తీసి, పాత మట్టి దులిపి, వేళ్లను నీళ్లలో కడిగి కొత్త మట్టిలో నాటుతాను. ఆ తర్వాత కేజ్‌కి దూరంగా, ఏ మందూ లేకుండా కనీసం రెండు మూడు నెలలు పెంచుతాను. ఈలోపు కొత్త ఆకులు వస్తాయి, పాత ఆకులు కత్తిరించేస్తాను. కొందరు రెండు వారాలు చాలంటారు. పాంథర్‌కైతే సరే అంటానేమో గానీ, ఆకు తినే వెయిల్డ్‌కి నేను అంత తొందరపడను.

ఫైకస్‌కి మాత్రం వేళ్లు మొత్తం కడగొద్దు. చోటు మార్చినా, వేళ్లు కదిపినా అలిగి ఆకులన్నీ రాల్చేసే రకం అది. పైమట్టి, పక్క మట్టి తీసి కొత్తది నింపండి. బదులుగా ఇంకో రెండు నెలలు ఎక్కువ ఆగండి.

ఇంత ఆగలేని వాళ్లకు ఒక మంచి దారి ఉంది. మందు కొట్టలేదని మీకు ఖాయంగా తెలిసిన మొక్క ఎవరింట్లోనైనా ఉంటే దాని కొమ్మ తెచ్చుకోండి. మనీ ప్లాంట్ తీగను కణుపు కింద కత్తిరించి నీళ్లలో పెడితే రెండు మూడు వారాల్లో వేళ్లు వస్తాయి. స్పైడర్ ప్లాంట్ పిలకలు కూడా అంతే. నా కేజ్‌ల్లో ఉన్న మనీ ప్లాంట్ అంతా ఇలా ఒక పాత కుండీ నుంచి వచ్చిందే. నర్సరీ మొక్క కంటే ఇది నాకు వంద రెట్లు నమ్మకం.

చాలామంది చేసే ఒక పరీక్ష కూడా చెప్తాను. ఆ మొక్క ఆకులు కొన్ని డబ్బాలో వేసి, వేరే తిండి పెట్టకుండా నాలుగైదు క్రికెట్లను (ఊసరవెల్లికి మేతగా పెట్టే కీచురాళ్లు) అందులో ఒకట్రెండు రోజులు వదులుతారు. అవి వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటున్నా, చచ్చిపోయినా ఆ మొక్కను కేజ్ దరిదాపుల్లోకి రానివ్వకండి. కానీ అవి బతికినంత మాత్రాన మొక్క శుభ్రంగా ఉందని రుజువైనట్టు కాదు. పరీక్షలో తప్పితే మొక్కను పారేయండి. నెగ్గినా ఆగాల్సిన కాలం ఆగాల్సిందే.

క్రికెట్ల మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. ఊసరవెల్లి తిననంత మాత్రాన విషపు మొక్క పెట్టొచ్చు అనుకునేవాళ్లు ఒకటి మర్చిపోతారు. కేజ్‌లో తప్పించుకున్న క్రికెట్ రాత్రంతా ఆ ఆకులు మేస్తుంది. పొద్దున్న ఊసరవెల్లి ఆ క్రికెట్‌ను తింటుంది. అందుకే మేత పురుగులను కేజ్‌లో విచ్చలవిడిగా వదలకుండా గిన్నెలో పెట్టడం మేలు. సూపర్ వార్మ్‌లు మట్టిలోకి దూరాయంటే మళ్లీ దొరకవు.

మట్టి గురించి. నర్సరీ మట్టిలో పసుపు, ఆకుపచ్చ రంగు గుండ్రటి పూసలు కనిపిస్తే అవి నెమ్మదిగా కరిగే ఎరువు. ఏరి పారేయాలి. తెల్లగా థర్మోకోల్ ముక్కల్లా ఉండేది పెర్లైట్. వెయిల్డ్‌లకు ఈ తెల్ల ముక్కలంటే ఏంటో ఆకర్షణ, నాలుక చాచి ఏరుకుని తినే అవకాశం ఉంది. అది ఒంటికి పట్టదు, లోపల పేరుకుంటే మలబద్ధకం, అడ్డు. నేను కొబ్బరి పొట్టు, కడిగిన ఇసుక, ఎరువు కలపని మామూలు మట్టి కలుపుకుంటాను. పైన నదిరాళ్లు పరుస్తాను. ఒక్కో రాయి ఊసరవెల్లి తలకాయ కంటే పెద్దదిగా ఉండాలి, చిన్న గులకరాళ్లు వద్దు.

మీది ఆడది కాబట్టి ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మొక్కల ప్రశ్నకు దీనికీ సంబంధం ఏంటి అనుకోవద్దు. ఆడ వెయిల్డ్ మగదానితో కలవకపోయినా గుడ్లు పెడుతుంది. అయిదారు నెలల వయసులోనే మొదలవ్వొచ్చు, అంటే మీరు ఇప్పుడే సిద్ధంగా ఉండాలి. గుడ్లు పెట్టడానికి దానికి తవ్వుకునే చోటు కావాలి. మీరు కుండీలన్నింటి మీదా రాళ్లు కప్పేసి, కేజ్ అడుగు ఖాళీగా ఉంచితే అది తవ్వే చోటు దొరక్క గుడ్లు లోపలే ఆపుకుంటుంది. ఇది ప్రాణాల మీదకు తెచ్చే పరిస్థితి. ఏ ఆకు విషం కన్నా కూడా ఇంట్లో పెరిగే ఆడ వెయిల్డ్‌లకు ఇదే పెద్ద గండం అని నేను అంటాను.

కాబట్టి మొక్కల కుండీలతో సంబంధం లేకుండా ఒక తొట్టి పెట్టండి. పొడవు, వెడల్పు, లోతు మూడూ 30 సెంటీమీటర్లకు తగ్గకుండా ఉండాలి. కడిగిన ఇసుక, మట్టి కలిపి, వేలితో బొరియ చేస్తే కూలకుండా నిలిచేంత తడిగా ఉంచండి. మొక్క కుండీలోనే తవ్వుకుంటుందిలే అని వదిలేయకండి. అక్కడ వేళ్లు అడ్డొస్తాయి, లోతు చాలదు. తవ్వడం మొదలుపెట్టాక మీరు కేజ్ ముందు నిలబడి చూస్తే మధ్యలో ఆపేస్తుంది. తొట్టి ముందు వైపు ఏదైనా గుడ్డ కట్టేయండి.

ఇక మొక్కల విషయానికి వస్తాను. ఒక్కోదాని మీద నా అభిప్రాయం రాస్తున్నాను.

మనీ ప్లాంట్: కేజ్‌కి ఒక్క మొక్కే పెట్టాలంటే ఇదే పెడతాను. తక్కువ వెలుతురులో బతుకుతుంది, నీళ్లు ఎక్కువైనా తట్టుకుంటుంది, ఊసరవెల్లి సగం తినేసినా మళ్లీ చిగురిస్తుంది. ఆకు వెడల్పుగా, నున్నగా ఉంటుంది కాబట్టి నీటి చుక్క నిలుస్తుంది. ఇది ముఖ్యం, ఎందుకంటే ఊసరవెల్లి గిన్నెలో నిలవ ఉన్న నీళ్లను నీళ్లుగా గుర్తించదు. ఆకు మీద మెరిసే చుక్కనే నాకుతుంది. తీగ మెత్తన కాబట్టి బరువు మొయ్యదు, కింద కొమ్మలు కట్టి వాటి మీదుగా పాకించాలి.

షెఫ్లెరా ఆర్బొరికోలా, అంబ్రెల్లా ప్లాంట్ అంటారు. మీ జాబితాలో లేదు గానీ తెచ్చుకోమంటాను. కాండం గట్టిగా, ఊసరవెల్లి పాదంలో ఇమిడే మందంలో పెరుగుతుంది. ఊసరవెల్లి పాదం పట్టకారులా రెండు భాగాలుగా ఉంటుంది. ముందు కాలికి లోపలి వైపు మూడు వేళ్లు, బయట రెండు, వెనక కాలికి దీనికి తిరగేసి. కొమ్మ చుట్టూ పాదం పట్టు దొరికితేనే దానికి ధైర్యం. మరీ లావైనా, మరీ సన్నమైనా జారుతుంది. షెఫ్లెరా కొమ్మలు ఈ పనికి బాగా కుదురుతాయి. ఇందులోనూ ఆక్సలేట్లు ఉన్నాయి, కుక్కలు పిల్లుల జాబితాల్లో ఇదీ ఉంటుంది. ఊసరవెల్లులు పెంచేవాళ్లలో మాత్రం మనీ ప్లాంట్‌తో సమానంగా నమ్మకం సంపాదించుకుంది.

మందారం: వెయిల్డ్‌కి ఇంతకంటే మంచి మొక్క లేదు, ఆకు, పువ్వు రెండూ తినొచ్చు. పువ్వు పూసిన రోజు దాని హడావుడి చూడాల్సిందే. కానీ మందారం ఎండ మొక్క. కేజ్‌లో మామూలు లైటు కింద పెడితే నెల తిరక్కుండా సన్నగా సాగి, ఆకులు రాల్చి, నల్లిపురుగు పట్టించుకుంటుంది. పగటి వెలుగు లాంటి తెల్లని కాంతినిచ్చే 6500 కెల్విన్ ఎల్‌ఈడీ గ్రో లైటు బలంగా ఉంటే లోపల పెట్టండి. లేకపోతే నేను చేసినట్టు చేయండి: రెండు కుండీలు ఉంచుకుని ఒకటి కేజ్‌లో, ఒకటి బయట ఎండలో, రెండు వారాలకోసారి మార్చుకోండి. లేదా కేజ్‌లో పెట్టడం మానేసి, మందు కొట్టని చెట్టు నుంచి పువ్వులు, లేత ఆకులు కోసి తినిపించండి. పూల దుకాణంలో కొన్నవి మాత్రం వద్దు.

ఫైకస్ బెంజమినా: గుబురుగా, చిన్న చెట్టులా పెరిగి దాక్కోవడానికి చాలా బాగుంటుంది. ఒకే ఇబ్బంది, కొమ్మ తెగితే పాలు కారతాయి. ఆ పాలు చర్మానికి, ముఖ్యంగా కళ్లకు మంట పుట్టిస్తాయి. ఊసరవెల్లి కళ్లు ఎటంటే అటు తిరిగే బుడిపెలు, వాటికి అంటితే బాధే. కత్తిరింపులు ఎప్పుడూ కేజ్ బయటే చేయండి. తెగిన చోట తడిగుడ్డతో తుడిచి, పాలు ఆగి పూర్తిగా ఆరాకే లోపల పెట్టండి. మీ ఊసరవెల్లి ఫైకస్ ఆకులనే అదే పనిగా కొరుకుతుంటే మాత్రం తీసేసి ఇంకోటి పెట్టండి. పక్కన మనీ ప్లాంట్ ఉంటే సాధారణంగా దాని జోలికే వెళ్తుంది.

అరెకా పామ్ కూడా పర్వాలేదు. పాంథర్‌లాగే అదీ మడగాస్కర్‌దే. ఎక్కడానికి పనికిరాదు, అడ్డుతెరలా పనికొస్తుంది. స్పైడర్ ప్లాంట్, బోస్టన్ ఫెర్న్, పెపరోమియా అడుగున నింపడానికి బాగుంటాయి, విషపు గొడవ లేదు. డ్రసీనా చాలామంది వాడతారు, నేనూ పాంథర్ దగ్గర పెట్టాను. హోయా పాలు కారుతుంది గానీ విషం కాదు, ఆకు దళసరిగా ఉండి నీటి చుక్కను బాగా నిలుపుతుంది.

క్రోటన్ ఎందుకు వద్దన్నానంటే, అది ఆముదం కుటుంబంలోది, రసం మంట పుట్టిస్తుంది. కొన్ని జాబితాల్లో సురక్షితం అని కూడా చూస్తారు. కొందరు పెట్టారు, ఏమీ కాలేదు. కానీ ఇన్ని మంచి మొక్కలు ఉండగా ఆకు తినే జంతువు దగ్గర ఆ రంగుల కోసం ఆశపడటం నాకు నచ్చదు.

అసలు దగ్గరికి రానివ్వకూడనివి వేరే ఉన్నాయి. గన్నేరు, పచ్చ గన్నేరు, ఎడారి గులాబీ, జిల్లేడు. వీటిలో గుండె లయను దెబ్బతీసే పదార్థాలు ఉంటాయి, ఇవి ఏ జంతువుకైనా ప్రమాదమే. కలాంచో కూడా ఈ కోవలోదే, ముద్దుగా ఉందని చాలామంది తెచ్చుకుంటారు. బిళ్ల గన్నేరు, నందివర్ధనం కూడా వద్దు. ఉమ్మెత్త, ఆముదం, గురివింద, లాంటానా, అగ్నిశిఖ సంగతి చెప్పక్కర్లేదు. జెముడు జాతి మొక్కల పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. ముళ్లున్నవి, బ్రహ్మజెముడు, కిత్తనార, కాగితం పూలు, విషం లేకపోయినా వద్దు, జారిపడితే ముల్లు గుచ్చుకుంటుంది. ఎక్కడానికి బయటి నుంచి కొమ్మలు నరికి తెచ్చేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త. గన్నేరు కొమ్మ ఎండినా విషం పోదు. పేరు తెలియని చెట్టు కొమ్మ అసలు తేవద్దు. పేరు తెలియని మొక్క ఏదైనా, ఆకు తెంచినప్పుడు పాలు కారితే, అది ఏంటో తేలేదాకా కేజ్‌కి దూరం పెట్టడం నా పద్ధతి.

మొక్కలు ఎక్కడ పెట్టాలో కూడా ఆలోచించాలి. పై భాగంలో లైటు కింద ఆకులు లేని అడ్డకొమ్మ ఒకటి ఉండాలి, అక్కడ కూర్చుని వేడి, యూవీబీ (ఎముకల గట్టితనానికి కావాల్సిన అతినీలలోహిత కాంతి) తీసుకుంటుంది. ఆ కొమ్మ దగ్గర యూవీ ఇండెక్స్, అంటే ఆ కాంతి తీవ్రత కొలత, 3 దగ్గరుంటే సరిపోతుంది. ఆడ వెయిల్డ్‌కి ఆ చోట వేడి 27 నుంచి 29 డిగ్రీల సెల్సియస్ చాలు. ఎక్కువ వేడి, ఎక్కువ తిండి పెడితే గుడ్లు కూడా ఎక్కువ పెడుతుంది. ఆకులు పెరిగి ఆ కొమ్మను కప్పేస్తే మీ ఖరీదైన యూవీబీ ట్యూబు వెలుగు ఆకులకే పోతుంది, ఊసరవెల్లి ఎముకలు మెత్తబడతాయి. నెలకోసారి పైన కత్తిరించాలి.

మధ్య భాగం బాగా దట్టంగా ఉండాలి. మీరు గదిలోకి వచ్చినప్పుడు అది ఆకుల వెనక్కి వెళ్లిపోయి కనిపించకుండా పోయే వీలుండాలి. "మొక్కలు ఎక్కువైతే మా ఊసరవెల్లి కనిపించదు" అని బాధపడేవాళ్లను చూస్తుంటాను. దాక్కోగలిగినదే తర్వాత ధైర్యంగా బయటికి వస్తుంది. మేత గిన్నె ముందు మాత్రం కొంత ఖాళీ ఉంచండి. దాని నాలుక ఒంటి పొడవుకు ఒకటిన్నర, రెండు రెట్ల దూరం వెళ్తుంది, మధ్యలో ఆకులుంటే గురి తప్పుతుంది, నాలుకకు ఆకులు, మట్టి అంటుకుంటాయి.

నీళ్లు తెల్లవారకముందు, రాత్రి లైట్లు ఆరాక చల్లితే మంచిది. పగలు ఆకులు ఆరిపోవాలి. రాత్రి తేమ 80 శాతం దాటినా పర్వాలేదు, పగలు 40-50కి దిగాలి. ఇరవైనాలుగు గంటలూ తడి, పైగా వేడి ఉంటే మట్టి మీద బూజు, ఊసరవెల్లికి ఊపిరితిత్తుల జబ్బు. కుండీ అడుగున నీళ్లు నిలవకుండా చూసుకోండి. చనిపోతున్న మొక్కను "కోలుకుంటుందేమో" అని లోపల ఉంచొద్దు.

మొక్కకు పురుగు పడితే కేజ్‌లో ఏ మందూ కొట్టొద్దు, వేపనూనె కూడా. సహజమైనదైనా అది పురుగుల్ని చంపే మందే, పైగా ఆకుకు పట్టుకుని ఉంటుంది. కుండీని బయటికి తీసి, సబ్బునీళ్లతో కడిగి, వారం పది రోజులకోసారి మళ్లీ కడుగుతూ, పురుగు పోయాకే లోపల పెట్టండి. మట్టి మీద ఎగిరే చిన్న నల్ల దోమలు ఊసరవెల్లికి హాని చేయవు, మట్టి పైపొర ఆరనిస్తే తగ్గుతాయి.

మొక్క మార్చిన మొదటి రెండు వారాలు కాస్త గమనించండి. పగటిపూట కళ్లు మూసుకోవడం, నోటి నుంచి జొల్లు కారడం, నోరు కొమ్మకు రుద్దుకోవడం, నాలుక సరిగా చాచలేకపోవడం, రంగు నల్లబడి అలాగే ఉండిపోవడం, తిండి మానేయడం కనిపిస్తే అనుమానించాలి. అనుమానం వచ్చిన మొక్కను వెంటనే తీసేయండి. ఇంటి వైద్యం చేయకండి, వాంతి చేయించాలని చూడకండి, నోట్లో బలవంతంగా నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. సరీసృపాలు చూసే వెటర్నరీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. కొరికిన మొక్క కొమ్మ ఒకటి కవర్లో పెట్టి వెంట తీసుకెళ్లండి, మొక్క పేరు మీకు తెలియకపోయినా డాక్టర్‌కి పని తేలికవుతుంది. దానికి కడుపు ఉబ్బి, కేజ్ అడుగున గాభరాగా తిరుగుతుంటే మాత్రం మొక్కను తప్పుపట్టకముందు గుడ్ల సంగతి చూడండి.

మీ మొక్కలు సిద్ధమయ్యేదాకా కేజ్ ఖాళీగా ఉంచమని నేను అనట్లేదు. పేరు తెలిసిన, మందు పడని చెట్టు కొమ్మలు తెచ్చి, వేడినీళ్లతో కడిగి, ఎండబెట్టి అడ్డంగా, ఏటవాలుగా కట్టండి. స్నేహితుల ఇంటి నుంచి మనీ ప్లాంట్ తీగలు తెచ్చి నీళ్ల సీసాల్లో పెట్టండి, సీసా మూతిని గుడ్డతో బిగించి కట్టండి, ఊసరవెల్లి గానీ క్రికెట్ గానీ అందులో పడకూడదు. జాలీకి బయటి వైపు, దాని నాలుక అందనంత దూరంలో మూడు పక్కలా నర్సరీ మొక్కలు గుబురుగా పెడితే చాటు దొరుకుతుంది. క్రోటన్‌ను మాత్రం అక్కడ కూడా వాడొద్దు, రాలిన ఆకు జాలీ సందులోంచి లోపలికి పడే అవకాశం ఎందుకు, వేరే గదిలో కిటికీ దగ్గర పెట్టేయండి. గుడ్ల తొట్టి మాత్రం మొక్కల కోసం ఆగకుండా ఈరోజే పెట్టండి.